పసుపు కోటు జేబులో చీటీ

బడి నుంచి వచ్చిన గువ్వ బ్యాగు కూడా దించలేదు. తిన్నగా పడకగదిలోకి వెళ్ళి తలుపు వెనక నిలబడింది.

అక్కడ గోడకు ఒక ఇనుప కడ్డీ ఉంది. దానికి ఐదు హ్యాంగర్లు. అమ్మ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఐదు రోజుల బట్టలు ఇస్త్రీ చేసి వరసగా తగిలిస్తుంది. ప్యాంటు, చొక్కా, పైన పల్చటి కోటు. ఎడమ చివరది సోమవారానికి, కుడి చివరది శుక్రవారానికి. పొద్దున్నే వరసలో మొదట ఉన్నది తీసి, వేసుకుని, పరుగు. ఆలోచించడానికి అమ్మకు టైము ఉండదు. నాన్న లారీ మీద వెళ్తే మళ్ళీ శనివారమే వస్తాడు. గువ్వను బడికి పంపాలి. మూడేళ్ళ చెల్లి బుంగను క్రెష్‌లో దింపాలి.

అమ్మ కళ్ళద్దాల షాపులో పని చేస్తుంది. వచ్చినవాళ్ళ ముక్కుకీ చెవులకీ సరిపోయేలా అద్దాలు అమర్చి పెడుతుంది.

"రోజంతా జనం నా మొహంలో మొహం పెట్టి చూస్తారు. నలిగిన చొక్కాతో ఎలా నిలబడను?" అంటుంది.

రేపు మంగళవారం అమ్మ గువ్వ క్లాసుకు వస్తోంది. తన పని గురించి పిల్లలకు చెప్పమని టీచరు పిలిచారు. ఈ రోజు గంట అనే అమ్మాయి ఒక మాట అంది. గొంతు పెద్దది కాబట్టి క్లాసులో ఆ పిల్లను అందరూ గంట అనే పిలుస్తారు.

"మీ అమ్మ మళ్ళీ ఆ బూడిద రంగు కోటే వేసుకొస్తుందా?"

గువ్వ కడ్డీ వైపు చూసింది. గంట అన్నది నిజమే. మంగళవారం హ్యాంగరు మీద బూడిద రంగు కోటు ఉంది. పసుపుది శుక్రవారం చోట వేలాడుతోంది. ఆ పసుపు కోటులో అమ్మ ఎంత బాగుంటుందో!

గువ్వ స్టూలు ఎక్కింది. పసుపుది ఇటు, బూడిదది అటు మార్చేసింది.

రెండు హ్యాంగర్లే కదా. దీనివల్ల ఎవరికేం నష్టం?

మర్నాడు పొద్దున అమ్మ హ్యాంగరు తీసి ఆగింది.

"ఇదేమిటి, పసుపుది ఇక్కడుందేం? నేనే పెట్టానా? ఈ మధ్య నా బుర్ర పని చెయ్యట్లేదే."

గువ్వ వంగి బూటు లేసు కట్టుకుంది. కట్టిన లేసే మళ్ళీ కట్టుకుంది.

అమ్మ గ్యాసు కట్టిందో లేదో రెండుసార్లు చూసింది. తాళం మూడుసార్లు లాగింది. దారిలో బుంగను దింపి, గువ్వతో పాటు బడికి వచ్చింది.

క్లాసులో అమ్మ అదరగొట్టింది. గంటను ముందుకు పిలిచి ముక్కు మీద ఒక ఫ్రేము పెట్టింది.

"నీ ముక్కు గట్టిదే తల్లీ. ఏ ఫ్రేమైనా జారదు."

క్లాసంతా పగలబడి నవ్వింది. గంట కూడా నవ్వి, వచ్చి గువ్వ చెవిలో చెప్పింది. "మీ అమ్మ కోటు సూపరే!"

ఆ గొంతుకు చెవిలో చెప్పడం అంటే వరండా దాకా వినపడటమే. గువ్వకు గాల్లో తేలినట్టయింది.

సాయంత్రం నాలుగింటికి గువ్వ ఇంటికి బయల్దేరింది. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసింది. అది మాత్రం ఎప్పుడూ మరవదు. ఇంటి తాళం తీస్తుండగా ఎదురింటి పిన్ని "వచ్చావా?" అని పలకరించింది. అమ్మ, బుంగ వచ్చేసరికి ఆరవుతుంది. అందాకా పిన్ని తన తలుపు తీసిపెట్టి ఒక కన్నేసి ఉంచుతుంది.

కాసేపటికి బెల్లు మోగింది. గుమ్మంలో క్రెష్ ఆంటీ! ఒక చేత్తో వాచిన బుగ్గ పట్టుకుంది. రెండో చేత్తో బుంగను పట్టుకుంది. బుంగ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి వెక్కిళ్ళు పెడుతోంది.

"మీ అమ్మ ఏదమ్మా? పన్ను పీకించుకోవాలి, ఈ రోజు మూడింటికే మూసేస్తానని పోయిన శుక్రవారమే చెప్పాను. నా ముందే చీటీ రాసుకుంది. మంగళవారం కోటు జేబులో పెట్టుకుంటాను, ఇక మరిచే ప్రసక్తే లేదంది. ఫోన్ చేస్తే ఎత్తదు. ఇది మూడింటి నుంచీ గేటు దగ్గరే కూర్చుంది."

షాపులో ఫోన్లు లాకర్లో పెట్టాలి. టీ టైములోనే చూసుకోవాలి. అది గువ్వకు తెలుసు. జేబులో చీటీ సంగతే తెలియదు.

ఆంటీ వెళ్ళగానే గువ్వ తలుపు వెనక్కి పరిగెత్తింది. బూడిద రంగు కోటు జేబులో చెయ్యి పెట్టింది. చీటీ తగిలింది.

'మూడింటికి బుంగ. షాపులో పర్మిషన్ అడగాలి.'

గువ్వ ఆ చీటీని గుప్పిట్లో పట్టుకుంది. మిగతా రెండు కోట్ల జేబులూ చూసింది. వాటిల్లోనూ చీటీలే. 'గువ్వకి అట్టముక్కలు.' 'బుంగకి దగ్గు మందు.'

అంతలో అమ్మ వచ్చింది, టీ టైములో ఫోన్ చూసుకున్నట్టుంది. నడుస్తూ కాదు, పరిగెత్తుకుంటూ. చెప్పు తెగి చేతిలో ఉంది. బుంగను ఎత్తుకుని తల, చేతులు, మోకాళ్ళు అన్నీ తడిమి చూసింది.

"ఎవరన్నా ఎత్తుకుపోయారేమో అనుకున్నాను. రోడ్డు మీదికి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను. నాకు మతిపోయింది. కన్నపిల్లనే మరిచిపోయేదానికి ఉద్యోగమెందుకు? ఈ షోకులెందుకు? రేపే వెళ్ళి మానేస్తానని చెప్పేస్తాను!"

పసుపు కోటు విప్పి, ఉండచుట్టి, అల్మరా అడుగున కుక్కింది.

గువ్వ గుప్పిట్లో చీటీ చెమటకు తడిసిపోతోంది. తను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. అమ్మే మరిచిపోయిందని అందరూ అనుకుంటారు. అమ్మ కూడా అదే అనుకుంటుంది.

"అమ్మా, నువ్వు మరవలేదు." గువ్వ గుప్పిట విప్పింది. "హ్యాంగర్లు నేనే మార్చాను. నువ్వు పసుపుదాంట్లో బాగుంటావని."

అమ్మ చీటీ తీసుకుని చదివింది.

"పొద్దున అడిగానుగా, నేనే పెట్టానా అని. అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

గువ్వ అమ్మ తెగిన చెప్పును తీసి పక్కన పెట్టింది.

"అంటే నేను మరవలేదన్నమాట," అంది అమ్మ, తనలో తను. మంచం మీద కూలబడింది. "ఎంత భయపెట్టావే! పసుపుది వేసుకోమని అడిగితే వేసుకోనా? ఈ చీటీ దాంట్లోకి మార్చుకునేదాన్ని, అంతే కదా."

గువ్వ బుంగ దగ్గరికి వెళ్ళి "సారీ" అంది. బుంగ మూతి ముడిచింది. "అక్క చెడ్డది" అంది. అన్నం తినేదాకా అదే మాట.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇస్త్రీ బల్ల వేసింది. ఉద్యోగం మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ పసుపు కోటు వైపు చూడనూ లేదు. గువ్వే అల్మరా అడుగు నుంచి దాన్ని తీసి, దులిపి తెచ్చింది. అమ్మ దాన్ని ఇస్త్రీ చేసి శుక్రవారం చోట తగిలించింది. తర్వాత చీటీలు రాసి జేబుల్లో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం షాపులో అమ్మ పసుపు కోటు జేబులో చెయ్యి పెట్టింది. చీటీ ఉంది, కానీ రాత తనది కాదు. గుండ్రటి అక్షరాలు.

'ఈ రోజు చీటీ నా దగ్గరుంది. నేనే తెస్తాను. చెప్పకుండా మార్చలేదు, చెప్తున్నాను. గువ్వ.'

సాయంత్రం అమ్మ, బుంగ ఇల్లు చేరేసరికి బల్ల మీద బుంగ నీళ్ళ సీసా ఉంది. బుంగ దాన్ని క్రెష్‌లో వదిలేసి వారమైంది. శుక్రవారం చీటీలో అమ్మ రాసుకున్నది దాని గురించే.

"ఎప్పుడు తెచ్చావే? రోడ్డు దాటేటప్పుడు..."

"రెండు వైపులా చూశానమ్మా. కడిగి కూడా పెట్టాను."

బుంగ సీసాను గబుక్కున లాక్కుని గుండెలకు హత్తుకుంది. "నాదీ!" అంది. అక్క చెడ్డదని మాత్రం అనలేదు.

అమ్మ సీసా అడిగి తీసుకుని, మూత గట్టిగా ఉందో లేదో రెండుసార్లు తిప్పి చూసింది. తర్వాత కోటు విప్పి హ్యాంగరుకు తగిలించింది. గువ్వ రాసిన చీటీని మడిచి మళ్ళీ ఆ జేబులోనే పెట్టుకుంది.