బాల్కనీలో ఆరేసిన చీర

పొద్దున్నే అక్క వంట ముగించి, చెల్లెలికి క్యారేజీ కట్టి, గుమ్మం దాకా వచ్చింది.

"చిన్నీ, దార్లో చూసుకుని వెళ్ళవే" అంది, ఆ పిల్లేదో బడికి వెళ్తున్నట్టు. చిన్నికి నలభై దగ్గర పడుతున్నాయి. పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం.

చెల్లెలి దగ్గర ఉందామని వచ్చిన అక్క విమానం ఎక్కడం ఇదే మొదలు. ఈ దేశంలో ఆమెకి అన్నీ వింతే. తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయి. లిఫ్టులో జనం నవ్వుతారు. నవ్వారు కదా అని పలకరించబోతే పైన అంకెలు చూస్తూ నిలబడతారు. వీధి వైపు బట్టలు ఆరేయకూడదట. ఆ సంగతి తెలియక, వచ్చిన కొత్తలో ఉతికిన చీర బాల్కనీ మీంచి బారుగా వదిలేసింది. దాని అంచు కాస్తా కిందింటి కిటికీ ముందు జెండాలా ఆడింది. కిందింటావిడ మెట్లెక్కి వస్తే, చెల్లెలే వాళ్ళ భాషలో సర్దిచెప్పి పంపింది.

"ఏమన్నావే?" అని అడిగితే, "తెలియక చేసిందన్నాలే అక్కా" అంది. నన్ను వెనకేసుకొచ్చిందని అక్క ఎంత మురిసిపోయిందో!

ఆ మధ్యాహ్నం బెల్లు మోగింది. కిందింటావిడే, చేతిలో పెద్ద సంచి. పిలవకుండా ఒక మనిషి ఇంటికొచ్చినందుకే అక్క సంబరపడిపోయి కుర్చీ లాగింది. ఆవిడ కూర్చోలేదు. ఫోనులో ఏదో చెప్పింది. ఆ మాటలనే ఫోను వార్తలు చదివినట్టు తెలుగులో చెప్పింది.

"మీ కోసం పాత దుస్తులు తెచ్చాను. సెలవు రోజున మా ఇంట్లో కూడా పని చేయగలరా?"

యంత్రం పొరబడిందనుకుని అక్క నవ్వింది. దాని దగ్గరికి వంగి, "నేనెవరినని చెప్పింది మా చిన్ని?" అని అడిగింది.

"పనిమనిషి అని చెప్పారు" అంది ఫోను, ఎంతో మర్యాదగా.

ఆవిడ వెళ్ళాక అక్క సంచి పక్కనే నేల మీద కూలబడింది. అలవాటు కొద్దీ చేతులు ఆ గౌన్ల కుట్లు తడిమాయి. అమ్మ పోయాక ఈ చేతులే మిషను తిప్పి చిన్నిని పెంచాయి. ఊళ్ళోవాళ్ళందరికీ బట్టలు కుట్టిన మనిషికి ఒకరు విడిచిన బట్టలు! అంతకన్నా పెద్ద దెబ్బ, తను అక్క కాకుండా పోవడం. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు.

సాయంత్రం చెల్లెలు వచ్చేసరికి బల్ల మీద ఒక్క కంచమే ఉంది. అక్క గోడ వారగా నిలబడింది.

"నీ కంచమేదీ?"

"మీరు తినండమ్మగారూ. నేను తరవాత తింటాను."

చెల్లెలు నవ్వబోయింది. మూలనున్న సంచి కంటబడి ఆగిపోయింది.

"అక్కా... ఆవిడ గట్టిగా అరుస్తోంది. పక్కిళ్ళవాళ్ళు తలుపులు తీసి చూస్తున్నారు. ఆ క్షణంలో నోటికి అదొచ్చింది."

"అక్క అన్న మాట రాలేదా నోటికి? మాటలు నేర్చినప్పుడు మొదట అన్నది అదే కదే!"

"సిగ్గేసింది" అంది చెల్లెలు తల వంచుకుని. "నిజం చెప్తున్నా. నీ చీర చూసి కాదు, నిన్ను చూసే సిగ్గుపడ్డాను."

అబద్ధం ఆడినా బాగుండేదనిపించింది అక్కకి. ఆ నిజం అంతగా గుచ్చుకుంది. మొహం తిప్పేసుకుంది.

చెల్లెలు సంచి భుజాన వేసుకుని అక్క చెయ్యి పట్టుకుంది. మెట్లు దిగి, చెప్పాపెట్టకుండా కిందింటి తలుపు కొట్టింది. ఆవిడ ఎదురుగా నిలబడి వాళ్ళ భాషలోనే మాట్లాడింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గబగబా ఫోను తెచ్చి మధ్యలో పట్టుకుని, అక్కకీ తెలిసేలా చెల్లెల్ని మళ్ళీ చెప్పమంది.

"ఈమె మా అక్క" అంది ఫోను. "మా అమ్మ తరవాత అమ్మ. నేను అబద్ధం చెప్పాను."

చెల్లెలు అక్కడే, గుమ్మంలోనే, అక్క భుజం మీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క చెయ్యి కాసేపు కదలలేదు. తరవాత మెల్లగా ఆ జుట్టు సర్దింది.

"పదవే చిన్నీ, అన్నం చల్లారిపోతోంది" అంది. రెండు మెట్లెక్కి ఆగింది. "కోపం మాత్రం ఇంకా పోలేదు."