ముక్కు లేని ఫొటోలు

పొద్దున్నే కత్తెర తుడుచుకుంటున్న దర్జీకి కూతురు మళ్ళీ ఫోన్ అందించింది. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఆమె ముక్కు ఫొటోలు నాలుగు అడిగాడు: ఎదురుగా ఒకటి, పక్కల నుంచి రెండు, కింద నుంచి ఒకటి. తండ్రి మూడు రోజులుగా తీస్తూనే ఉన్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

“చెవి అద్భుతంగా వచ్చింది నాన్నా. ఆపరేషన్ చెవికి కాదు.”

“ఫోన్ మంచిది కాదమ్మా.”

“అదే ఫోన్‌తో నువ్వు కుట్టిన చొక్కాల ఫొటోలు తీసి పంపితే గుండీ కాజాల కుట్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు!”

గుమ్మంలో కూర్చున్న మేనత్త ఊరుకోలేదు. “వదిన పోయి ఏడాది కాలేదు అన్నయ్యా. అచ్చం ఆవిడ ముక్కే దీనికి దిగింది. దాన్ని కోయించుకుంటుందట!”

“కోయించుకోవడం కాదత్తా, ఎన్నిసార్లు చెప్పాలి?” డాక్టరు చీటీ వెనక గీసిచ్చిన బొమ్మను కూతురు విసురుగా కుట్టుబల్ల మీద పరిచింది. “ముక్కు కొనలో ఎముక ఉండదు. అటొకటి ఇటొకటి, వంగిన మృదులాస్థి రేకులుంటాయి. వాటిని దగ్గరికి లాగి కుడితే వాలిన కొన కాస్త పైకి లేస్తుంది. అంతే.”

“కుట్టు గురించి నాకు చెప్పకు. విప్పితే గుడ్డ మీదైనా మచ్చ ఉంటుంది. బాగున్నదాన్ని ఎందుకు మార్చడం?”

“బాగుందని నీకెలా తెలుసు? చూశావా?”

తుడుస్తున్న చెయ్యి ఆగింది.

“అమ్మ పోయిన దగ్గర్నుంచి నా మొహం చూసి మాట్లాడావా నువ్వు? అన్నం పెడితే కంచంతో మాట్లాడతావు. ఈ ముక్కు మారితేనైనా చూస్తావేమోనని...”



దర్జీ మెడలోని టేపు తీసి పక్కన పెట్టాడు. ఫోన్ ఎత్తి, తెర కంటే ముందు కూతురి మొహం చూశాడు. కొన కొంచెం వాలింది. ఏడుపు ఆపుకోవడంతో ఎర్రబడింది. ఎడమవైపు ఆవగింజంత పుట్టుమచ్చ. అది భార్యకు లేదు.

“ఇది మీ అమ్మ ముక్కు కాదే,” అన్నాడు మెల్లగా.

“నాదని మూడు రోజుల నుంచీ మొత్తుకుంటున్నానుగా!”

ఈసారి నాలుగు ఫొటోల్లోనూ ముక్కు స్పష్టంగా వచ్చింది.

“పంపుకో తల్లీ. కుట్టించుకున్నా మానుకున్నా నీ ఇష్టం. భోజనానికి మాత్రం నా ఎదురుగా కూర్చో.”

ఆమె ఫొటోలు చూసింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ మళ్ళీ అతని చేతిలో పెట్టింది.

“ఇంకొకటి తియ్యి నాన్నా. డాక్టరుకి కాదు.”