మావాడు ఇంట్లో లేడు

బంగారం అన్నది వాళ్ళమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. వీధివాళ్ళు పెట్టిన పేరు నలుగురిలో పలికేది కాదు.

బడిలో పక్కవాడి పెన్ను కొట్టేసి ఇంటికొస్తే, "ఎంత చురుకో నా బంగారం!" అని మెటికలు విరిచిన తల్లి ఆవిడ. కాకిపిల్ల కాకికి ముద్దే. కానీ ఈ కాకి తన పిల్లకి ఎవరి ఇంట్లోంచి ఎత్తుకురావాలో కూడా చూపించింది. ఎవరైనా నిలదీయడానికి వస్తే వాణ్ణి బట్టల బీరువాలో దాచి, గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"మావాడు ఇంట్లో లేడు. ఉన్నా అలాంటివాడు కాదు."

తండ్రి ఒక్కసారి చెయ్యెత్తాడు. ఆవిడ అలిగి తిండి మానేసింది. ఆయన మళ్ళీ నోరెత్తితే ఒట్టు. ఇంకేముంది, తొండ ముదిరి ఊసరవెల్లి అయింది. పెన్నులు పోయి సైకిళ్ళు, సైకిళ్ళు పోయి ఇళ్ళ తాళాలు.

కిందటేడు ఆవిడ పోయింది. వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. పాపం, తన తరఫున అబద్ధమాడే మనిషి లేకుండా పోయింది మరి!

ఆ మధ్యాహ్నం కుండపోత వాన. పట్టపగలే గదుల్లో చీకటి. వీధి చివర బట్టలు కుట్టే ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ వేళకి ఆసుపత్రికి వెళ్తుందని వీడి లెక్క. వెనక తలుపు గడియ తీసి దూరాడు. లోపల తడిగుడ్డల వాసన, మిషన్ నూనె వాసన. చూరునీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

వాన వల్ల ముసలమ్మ వెళ్ళలేదు. మంచం మీంచి లేచి, "ఎవరదీ?" అంది.

తోసేశాడు. అదీ వాడి మగతనం. ఆవిడ తల మిషన్ అంచుకి కొట్టుకుంది. కేక విని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మన వీరుడు ఆవిడ బట్టల బీరువాలో దూరాడు.

చీకటి... ఊపిరి బిగబట్టాడు. పక్కన ఇంకెవరో ఊపిరి పీలుస్తున్నారు.

అమ్మ నుదుటికి రాసుకునే తలనొప్పి మందు వాసన.

చల్లటి చెయ్యి వాడి నోరు మూసింది.

"కదలకు బంగారం... నువ్విక్కడ లేవు, ఇంట్లో పడుకున్నావు... నేను చూసుకుంటాగా..."

బీరువా తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు సూటిగా వాడి కళ్ళలో పడింది. పక్కింటాయన మొహం జానెడు దూరంలో ఉంది. ఆయన బట్టలు అటూ ఇటూ జరిపాడు. ఆయన వేళ్ళు వాడి ఛాతీకి తగిలాయి... తగిలినట్టు ఆయనకి తెలియలేదు.

"ఇందులో ఎవరూ లేరు పిన్నీ."

"అందులోకే దూరాడు నాయనా... నా కళ్ళతో చూశాను..."

వాళ్ళు ముసలమ్మని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆవిడ బతుకుతుందో లేదో అన్న ఆలోచన వాడి బుర్రకి తట్టనే లేదు. నవ్వుకున్నాడు.

"ఇక వదులమ్మా," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి.

చెయ్యి వదల్లేదు. ఇంకాస్త బిగిసింది... చాలాసేపటికి సడలింది.

వాన వెలిసింది. వీధిలో కొట్టువాడు బకెట్టు నీళ్ళు వాడి మీదే కుమ్మరించి, ఈల వేసుకుంటూ లోపలికి పోయాడు. నేస్తం ఎదురొచ్చాడు. వీడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పలేదు. భుజం పట్టుకుంటే, చలేసినట్టు ఒళ్ళు విదిలించుకుని సాగిపోయాడు.

వాడు పరుగు లంకించుకున్నాడు. ఇంటి తలుపు దబదబా బాదాడు. పెళ్ళాం తీసింది. వాడి మీదుగా వీధి అటూ ఇటూ చూసింది.

"నేనేనే! ఇటు చూడవే!"

ఆమె మొహం చిట్లించి తలుపేసింది.

గదిలోంచి ఎవరో ఆవలిస్తూ అడిగారు.

"ఎవరే వచ్చింది?"

ఆ గొంతు వాడిదే.