గట్టు మీద నిలబడ్డవాడు

"టీ సల్లారిపోతన్నాదని మీ నాన్నకి సెప్పవే."

పోలరాజు అదే గదిలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాడు. అయినా నూకమ్మ మాట కూతురి మీదుగానే వెళ్లాలి. హాసిని సెలవులకు ఇంటికి రానప్పుడు ఆ చాకిరీ హిందీ ఊళ్లోని వాళ్ల బర్మామైన్స్ కంపెనీ క్వార్టర్ గోడ చేసేది. పాపం, రెండు వానాకాలాలుగా ఆ గోడ వినని మాట లేదు.

చందు పోయినప్పటి నుంచి ఇంతే. ఏటికి అడ్డంగా ఉన్న చిన్న కట్ట కింద ఇంటర్ చదివే కొడుకు మునిగిపోతుంటే, కళింగపట్నం సముద్రంలో ఈదిన తండ్రి గట్టు మీద నిలబడిపోయాడు. అదొక్కటే నూకమ్మ క్షమించలేకపోయింది.

హాసిని లాప్‌టాప్ తెరిచింది. సుడులు తిరిగే ప్రవాహాలను లెక్క కట్టి కంప్యూటర్లో చూపించడం ఆమె పరిశోధన. తెర మీద నీలం గీతలు మెలికలు తిరుగుతుంటే తల్లికి ఒళ్లు మండింది.

"నీ తమ్ముణ్ణి మింగిన నీళ్లతోనే నీకు సదువేటే? సిగ్గు నేదా?"

"సున్ తో లో, మా! కాస్త విను. ఇది మన ఏరే. ఆ కట్టే." హాసిని తెరను తల్లివైపు తిప్పింది. "కట్ట మీంచి దూకిన నీళ్లు అడుగున ముందుకు పోతాయి. పైన మాత్రం మళ్లీ కట్టవైపే తిరిగొస్తాయి. ఇదిగో, ఇది మన చందు అనుకో."

ఆమె నీలం గీతల్లో వదిలిన ఎర్రచుక్క మునిగింది, తేలింది, కట్ట దగ్గరికొచ్చి మళ్లీ మునిగింది.

"బయటికెప్పుడొత్తాది?"

"రాదమ్మా."

"మీ నాన్న దిగుంటే?"

హాసిని రెండో చుక్క పెట్టింది. అది వెళ్లి మొదటిదాన్ని కలిసింది. రెండూ కలిసి తిరగసాగాయి. నూకమ్మ మొదటి చుక్క మీద వేలు పెట్టింది. అది వేలి కింద నుంచి జారి మునిగిపోయింది.

"ఆపెయ్యే తల్లీ!"

పోలరాజు తలెత్తలేదు. కూతురి లెక్క చూపిన సాకును ఆయన తీసుకోలేదు.

"నాకియ్యేటీ తెలీవు. నడుం లోతు దాకా దిగినాను. బయమేసింది. ఎనక్కొచ్చేసినాను."

నూకమ్మ ఏడ్చింది; కొడుకు పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. మాట మోయడానికి అలవాటుపడ్డ హాసిని మధ్యలోనే కూర్చుని ఉంది. నూకమ్మ ఆమెవైపు చూడలేదు. చల్లారిన టీ తీసుకెళ్లి, వేడి చేసి తెచ్చి, భర్త ముందు కూలబడింది.

"బయమేసింది గనకే మిగిలినావు," అంది. "తాగు."