బంగారం నోట్సు

మధ్యాహ్నం మూడింటికి చిక్కడపల్లి ఇరానీ హోటల్లో చాయ్ సగం తాగి డాక్టర్ విశ్వేశ్వరరావు బల్ల మీదకు ఒరిగిపోయాడు. విషం. సంచిలో నోట్‌బుక్ మాయం.

నారాయణగూడలో ఉన్న ఏజెంట్ జైపాల్ చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్ రాజ్యలక్ష్మి.

"సీసీ ఫుటేజ్ చూసిన. నోట్‌బుక్ ఎత్తుకపోయింది మన రమ్యే."

జైపాల్ పళ్లు కొరికాడు. గ్రూప్-1 అభ్యర్థి వేషంలో ఆరు నెలలుగా అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి, విదేశీ మందుల కంపెనీ ముఠాపై నిఘా పెట్టాల్సిన ఏజెంటు రమ్య. ముఠాకే అమ్ముడుపోయింది!

"అండ్ల ఏముంది మేడమ్?"

"డాక్టర్ బంగారంతో చేసిన కాంపౌండ్. వైరస్ వల్ల వచ్చే బ్లడ్ క్యాన్సర్ కణాలను ల్యాబ్‌ల చంపింది. మనుషులకు పనిచేస్తదో లేదో ట్రయల్ చేస్తేనే తెలుస్తది. డోసుల లెక్కలన్నీ చేతిరాతే. అయిదింటికి కమిటీ ముందు పెట్టకుంటే ట్రయల్ రద్దు."

ట్రయల్ లిస్టులో మొదటి పేరు బుగ్గయ్య. పాలమూరు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. మెడ నిండా గడ్డలు. ఉన్న మందులన్నీ ఫెయిల్. "బంగారం మందు ఎప్పుడిస్తరు సారూ?" అని ఆయన భార్య కురుమమ్మ నిన్ననే ఆస్పత్రిలో జైపాల్‌ చెయ్యి పట్టుకుని అడిగింది. ముఠాకు ఆమె గోడు దేనికి? తమ ఖరీదైన ఇంజెక్షన్‌కు పోటీ రాకూడదు, అంతే. థూ!

కొరియర్ వేషంలో జైపాల్ హాస్టల్ డాబా ఎక్కేసరికి నాలుగుంబావు. బకెట్లో నోట్‌బుక్ బూడిదైపోయింది.

"లేటయినవ్ అన్నా," రమ్య నవ్వింది. "స్కాన్ చేసిన పెన్‌డ్రైవ్ వాళ్లకు చేరింది. ఇగ ఆ మందు వాళ్ల లాకర్ల నుంచి బయటికి రాదు."

"బుగ్గయ్య సస్తడే!"

"బుగ్గయ్య ఎవడు?"

చెంప పగలగొట్టాలనిపించింది. బేడీలు వేశాడు. "ఎక్కడ స్కాన్ చేయించినవ్?"

"కింద జిరాక్స్ షాపుల. నా కండ్ల ముంగటే డిలీట్ చేయించిన. నేనేమన్న పిచ్చిదాన్నా?"

జైపాల్ ఫక్కున నవ్వాడు. ఆరు నెలలు అశోక్‌నగర్‌లో ఉండి ఒక్కరోజూ చదవలేదు దొంగది! చదివి ఉంటే తెలిసేది. ఇక్కడ ఎవరి చేతిరాత నోట్సు వచ్చినా షాపువాడు ముందు తనకో సెట్టు తీసుకుంటాడు, అమ్ముకోవడానికి.

"డిలీట్ చేసిన అన్నా, ఒట్టు!" షాపు ఓనర్ శ్రీశైలం బెదిరిపోయాడు. "సెట్టు తీసినంకనే చేసిన. సైన్స్ అండ్ టెక్ నోట్సనుకున్న. జల్ది పోయినయ్. గదే ఆఖరిది."

ఆఖరి సెట్టు ఒకమ్మాయి చంకలో ఉంది. మనీష అట, నాలుగోసారి గ్రూప్స్ రాస్తోంది.

"నేను ముందుగాల తీసుకున్న. ఇయ్య!"

"చెల్లే, ఒక మేస్త్రీ పానం అండ్లనే ఉంది."

మనీష అతని ముఖం చూసింది. "తీస్కపో అన్నా. జర రెండు పేజీలు ఫోటో తీసుకోనియ్."

నాలుగు యాభై తొమ్మిది. కమిటీ బల్ల మీద పేజీలు పడ్డాయి. డోసుల లెక్కలు ఒక్కటీ పోలేదు. ట్రయల్‌కు సంతకం పెట్టి, ఛైర్మన్ అట్ట మీది ముద్ర చదివి కళ్లజోడు తీశాడు:

"సర్వహక్కులు శ్రీశైలం జిరాక్స్‌వి. కాపీ కొడితే కేసు."