డెబ్భై నాలుగు ఓట్ల తేడా

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద కంచం పెట్టి మూడేళ్ళయింది. బల్ల నిండా ఎన్నికలే. మొదటి ఎన్నికల కాగితాలు గోడవైపు, మొన్నటివి కుర్చీవైపు, మధ్యలో రెండు ఉప ఎన్నికలు. ఉప్పు డబ్బాకి కూడా చోటు లేదు. అమ్మడు ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని టిఫిన్ తింటూ గడియారాన్నీ, నాన్ననీ మార్చి మార్చి చూస్తోంది. ముప్పై దాటినా ఇంట్లో ఆమె పేరు అమ్మడే.

నాన్న ఎన్నికల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనవాడు హాయిగా పేపరు చదువుకుంటూ కూర్చోవచ్చు కదా! తమ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర రాస్తానని నెత్తికెత్తుకున్నాడు. ఎవరు నిలబడ్డారు, ఎవరికెన్ని ఓట్లు, ఎన్ని చెల్లలేదు, అన్నీ రాశాడు. ఒక్క ఎన్నిక మాత్రం ఎంతకీ తెమలడం లేదు. ఈలోగా ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదాంట్లో పొర ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇప్పటికి రెండుసార్లు తేదీ మార్పించుకున్నారు. ఇవాళ పదకొండింటికి మూడోసారి రమ్మన్నారు.

"నాన్నా, స్నానం చేశావా?"

"ఈ ఒక్క కూడిక చూసుకుని లేస్తానే."

"కిందటి నెలా ఇదే మాట. అంతకుముందు నెలా ఇదే మాట. మందుల షాపులో సెలవడగాలంటే నాకు తల కొట్టేసినట్టుంటోంది."

"పై నెలకి వేయించరాదూ?"

అమ్మడికి ఒళ్ళు మండిపోయింది. పళ్ళెం నేల మీద పెట్టి వచ్చి, ఆయన భూతద్దం కింద ఉన్న కాగితం మీద అరచెయ్యి వేసేసింది.

"తియ్యవే చెయ్యి!"

"తియ్యను. ఎవరు చదువుతారు నాన్నా ఇది? గెలిచినవాళ్ళకి అక్కర్లేదు, ఓడినవాళ్ళకి గుర్తులేదు. నువ్వు గుడ్డివాడివైతే అన్నం కలిపి పెట్టాల్సింది నేను. ఏముంది ఈ దిక్కుమాలిన కాగితంలో?"

నాన్న భూతద్దం తిప్పుతూ కూర్చుని, చివరికి నెమ్మదిగా అన్నాడు.

"ఇది మీ మావయ్య నిలబడ్డ ఎన్నిక."

అమ్మడు కాగితం మీంచి చెయ్యి తీసేసింది. అమ్మ అన్నయ్య ఒకప్పుడు పోటీ చేసి ఓడిపోయాడని ఆమెకి తెలుసు. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కలేదనీ తెలుసు. రెండేళ్ళ క్రితం అమ్మ పోయినప్పుడు కూడా వీధిలోనే నిలబడి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

"డెబ్భై నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పోలైన ఓట్లకీ, లెక్కించిన ఓట్లకీ వంద తేడా వస్తోంది. అప్పట్లో కట్టకి యాభై. అంటే రెండు కట్టలు ఎక్కడా ఎక్కలేదు. మిగతా టేబుళ్ళన్నీ సరిపోయాయి. సరిపోనిది ఏడో టేబులొక్కటే."

"అయితే?"

"ఏడో టేబుల్ దగ్గర లెక్క రాసింది నేనే. చుట్టం పోటీలో ఉంటే ఆ పనికి వెళ్ళకూడదు. మనిషి తక్కువయ్యాడని పిలిస్తే నోరు మూసుకుని వెళ్ళాను. నేనే వాడి గొంతు కోశానేమోనే! వాడు అందుకే రావడం మానేశాడు. మూడేళ్ళుగా కూడుతున్నాను, ఎక్కడైనా సరిపోతుందేమోనని. కన్ను బాగైతే ఇక సాకుండదు. తప్పు నాదేనని తేల్చుకోవాలి."

అమ్మడికి కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ముందు. ఇంత పెద్ద ఊళ్ళో ఇద్దరు ముసలివాళ్ళు ఒక మాట అడిగి తేల్చుకోలేక ఒకడు కళ్ళు పోగొట్టుకుంటున్నాడు! అమ్మ పాత డైరీలోంచి నంబరు తీసి, నాన్న వద్దు వద్దంటున్నా మావయ్యకి ఫోన్ చేసింది. "మీరు వస్తే తప్ప నాన్న ఆపరేషన్‌కి కదలడు" అని మాత్రం చెప్పింది.

అరగంటలో మావయ్య వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడవడానికే చాలాసేపు పట్టింది. లోపలికి వచ్చి బల్ల మీది కాగితాలు చూశాడు.

"బావా, ఆ రెండు కట్టలేనా?"

నాన్న కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. "నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు. మా ఏజెంటు చూశాడు, నా ఓట్ల కట్టలు రెండు పనికిరాని ఓట్ల పెట్టెలో పడ్డాయని. మళ్ళీ లెక్కించమని అడగమన్నాడు. అడిగితే ఎంక్వైరీ వస్తుంది. నువ్వు నా బావవని తేలుతుంది. ఉద్యోగం ఊడుతుంది. చెల్లెలికి అప్పుడు ఏడో నెల. అభ్యంతరం లేదని సంతకం పెట్టేసి వచ్చేశాను."

"మరి ఇంటికెందుకు రాలేదురా?" అన్నాడు నాన్న.

"నా నోటి సంగతి నీకు తెలీదా? రెండు పూటలు నీ ఇంట్లో తింటే మూడో పూట కక్కేస్తాను. అది తెలిస్తే నువ్వు నిద్రపోతావా?"

అమ్మడు ఇక ఆగలేకపోయింది. "చాలా గొప్ప పని చేశారు మావయ్యా! మీకు తన మొహం చూడ్డం ఇష్టం లేదని అమ్మ చచ్చేదాకా ఏడ్చింది. మంచాన పడ్డాక నేను ఒళ్ళు తుడుస్తుంటే కూడా మిమ్మల్నే తలుచుకుంది. ఒక్కసారి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంటే ఏం పోయేది?"

మావయ్య కుర్చీలో కూలబడి పైకండువాలో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న తడుముకుంటూ వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మడు తిట్టడం మానేసి ఇద్దరికీ మంచినీళ్ళు తెచ్చింది.

కాసేపటికి నాన్నే తేరుకున్నాడు. "అమ్మడూ, కలం తీసుకో. నాకు గీత కనబడదు. రాయి. వంద ఓట్లు లెక్కలోకి రాలేదు. తప్పు ఏడో టేబుల్ గుమాస్తాది. నా పేరు కూడా రాయి."

రాసింది. నాన్న పేరు కూడా పూర్తిగా రాసింది.

"ఇంకో ముక్క కూడా రాయమ్మా," అన్నాడు మావయ్య కళ్ళు తుడుచుకుని. "ఓడిన అభ్యర్థికి ఈ సంగతి తెలుసు. మళ్ళీ లెక్కించమని అడగలేదు."

"చరిత్రలో అలాంటివి రాయరురా," అన్నాడు నాన్న.

"జరిగింది రాయకపోతే మరింకేం రాస్తావు?"

అమ్మడు అదీ రాసింది. రాసి, అలవాటుగా అడిగింది, "కారణం?"

మావయ్య ఆమె వైపే చూస్తూ కూర్చున్నాడు. "కారణం కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంది కదమ్మా. అప్పుడు ఏడో నెల."

అమ్మడు ఆ మాట రాయలేకపోయింది. కాగితం తడవకుండా పక్కకి జరిపి, కొంగుతో మొహం తుడుచుకుంది. పదీ పావు దాటింది. నాన్నకి ఒకవైపు తనూ, ఇంకోవైపు మావయ్యా చెయ్యి పట్టుకుని మెట్లు దింపారు. "మెల్లగా బావా, ఇంకో మెట్టుంది" అని మావయ్య చెబుతున్నాడు.