ఒకే గుండె, రెండు తీర్పులు

డాక్టరమ్మ కూర్చోలేదు. గది మధ్యలో నిలబడి, తలుపు వేసి ఉందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుంది.

"నాకు మతి పోతోందో లేదో మీరు తేల్చాలి" అంది.

"దానికి డిటెక్టివ్ ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఊరంతా తెలిసిపోతుంది."

మాస్టారు ఒకప్పుడు మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. అప్పటి శిష్యురాలే ఇప్పుడు ఆయన సహాయకురాలు. ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని డాక్టరమ్మ చెప్పసాగింది.

వేలాది మంది ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించే అధ్యయనం అది. ప్రతి మనిషి గుండె స్కాన్‌నూ ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి, బలంగా ఉందో బలహీనంగా ఉందో చెప్పాలి. ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకూడదు. ఇద్దరూ బలహీనమంటే ఆ మనిషిని పిలిచి వైద్యం మొదలుపెడతారు. తేడా వస్తే నెలాఖరున అధ్యయనం నడిపే పెద్దాయన తనే చూస్తాడు. ఆ ఇద్దరిలో ఒకరు డాక్టరమ్మ, రెండోవారు ఆమె అక్క భర్త.

"మేం నిలకడగా ఉన్నామో లేదో చూడ్డానికి కొన్ని పాత స్కాన్లు మాకు చెప్పకుండా మళ్ళీ మాకే పంపుతారట. ఆ సంగతి నిన్న పెద్దాయన చెప్తేనే తెలిసింది. మొదట బలంగా ఉందన్న గుండెల్నే ఇప్పుడు బలహీనమన్నానట. ఒకటీ అరా కాదు. మా అమ్మకి మతిమరుపు నా వయసులోనే మొదలైంది. ఆయన ఆసుపత్రికి చెప్తే నన్నిక రోగుల్ని ముట్టుకోనివ్వరు." గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ముట్టుకోకూడదేమో కూడా."

"ముందు బలహీనమని, తర్వాత బలమన్నవి ఉన్నాయా?"

"ఒక్కటీ లేదు."

"మొదటిసారి ఎక్కడ కూర్చుని చూశారు?"

"అక్క వాళ్ళింట్లో. అక్క అన్నానికి పిలిస్తే కంప్యూటర్ అలాగే వదిలేసి లేచేదాన్ని. సాయంత్రం పంపేదాకా జవాబులు మార్చుకోవచ్చు. ఈ నెలలో పని పెరిగి ఆసుపత్రిలోనే చూస్తున్నాను."

స్కాన్ల మీద పేర్లు తీసేసే టెక్నీషియన్‌ను మాస్టారు అధ్యయనం ఆఫీసులో పట్టుకున్నారు.

"పాతవి కలిపేది నేనే సార్. పెద్దాయనకీ నాకూ తప్ప పిట్టక్కూడా తెలీదు."

"బావగారి నిలకడ ఎలా ఉంది?"

"ఆయనదా? రాతి మీద గీత! మాటంటే మాటే."

బావగారి గదిలో పట్టపగలు కిటికీ తెరలన్నీ తీసి ఉన్నాయి. అయినా దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఆయన వేళ్ళు బల్ల అంచు వెంబడి మెల్లగా నడిచి కప్పును అందుకున్నాయి.

"పాపం, పిచ్చిపిల్ల" అన్నాడు. "మొదట్లో ప్రతి స్కాన్‌కీ నా మాటే దాని మాట. ఇప్పుడే ఈ తడబాటు. తల్లి పోలిక, ఏం చేస్తాం?"

మెట్లు దిగుతూ సహాయకురాలు, "ఎంత బాధపడుతున్నారో చూశారా మాస్టారూ!" అంది.

"బాధ నిజమే" అన్నారు మాస్టారు.

మర్నాడు ఉదయం స్కాన్లు చూసే గదిలో అందరినీ కూర్చోబెట్టారు. డాక్టరమ్మ తలుపు దగ్గరి కుర్చీ ఎంచుకుంది.

"మతి తడబడితే తప్పులు అటూ ఇటూ పోతాయి. ఇవన్నీ ఒకే వైపు పోయాయి. అంటే ఈమె మొదట ఇచ్చిన జవాబుల్ని ఎవరో మార్చారు. స్కాన్లు మళ్ళీ వస్తాయని తెలిసినవాళ్ళు ఆ పని చెయ్యరు, దొరికిపోతారు కాబట్టి. కనుక పెద్దాయనా కాదు, టెక్నీషియనూ కాదు." మాస్టారు బావగారి వైపు తిరిగారు. "మొదట్లో మీ మాటే ఆవిడ మాటన్నారు. ఒకరి జవాబు ఒకరికి తెలియకూడదు కదా, మీకెలా తెలిసింది?"

బల్ల అంచును తడుముతున్న బావగారి వేళ్ళనే చూస్తూ మాస్టారు మళ్ళీ అడిగారు.

"కళ్ళు ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాయి?"

"మధ్యలో మసక" అన్నాడు బావగారు. "చుట్టూ కనిపిస్తుంది. ఏది చూడాలనుకుంటానో అదే కనబడదు. అక్షరాలు పెద్దవి చేసుకుంటే చదవగలను, గుండె గోడ కదలిక మాత్రం తెలీదు. అందుకే అన్నీ బలంగా ఉన్నాయని పంపేవాణ్ణి. తేడా వచ్చినప్పుడల్లా పెద్దాయన చూస్తే నా గుట్టు బయటపడుతుంది. అది అన్నానికి లేవగానే దాని జవాబులూ బలమని మార్చేసేవాణ్ణి."

సహాయకురాలు ఉండబట్టలేకపోయింది. "ఆవిడ జవాబు చూసి మీదే దిద్దుకోవచ్చు కదండీ? ఎవరికీ నష్టం ఉండేది కాదు."

"దిద్దుకుంటే నాకు చూపు లేదని నేనే ఒప్పుకున్నట్టు."

"నాకు మతి పోయిందేమోనని నేను హడలిపోతుంటే చూస్తూ ఎలా కూర్చున్నావు బావా?"

"నిజంగానే పోయిందేమో అనుకున్నానమ్మా. అలా నమ్మితే నాకు కాస్త నిద్ర పట్టేది."

పెద్దాయన నుదురు పట్టుకున్నాడు. తీర్పు తప్పినవాళ్ళంతా ఎక్కడో తమ గుండె బాగుందనుకుని మెట్లెక్కుతున్నారు, బరువులు మోస్తున్నారు. "అన్నీ మళ్ళీ చూడాలి. ఎవరు చూస్తారు?"

డాక్టరమ్మ లేచి తెర ముందు కూర్చుంది. మొదటి స్కాన్ చూసి "బలహీనం" అంది. ఆ వెంటనే ఆమె చెయ్యి స్కాన్‌ను మళ్ళీ మొదటినుంచి తిప్పింది. ఇంకోసారి తిప్పింది. తన తప్పు లేదని ఇప్పుడే అందరి ముందూ తేలింది. ఆ సంగతి చేతికి ఇంకా తెలియదు. నాలుగోసారి తిప్పబోయి, చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఈ మనిషికి ఫోన్ కలపండి."

చాలాసేపు మోగాక ఎవరో ఆడమనిషి ఎత్తింది. డాక్టరమ్మ సంగతి చెప్పింది.

"నా గుండె బాగుందని మీవాళ్ళే చెప్పారే! ఇది నిజంగా నాదేనా? పొరపాటేం కాదుగా?"

డాక్టరమ్మ తెర వైపు చూడలేదు.

"పొరపాటు అప్పుడు జరిగిందమ్మా" అంది. "ఇప్పుడు కాదు. ఇవాళే రండి."